వడియాల ఎండ

“అమ్మా, ఎక్కడున్నావ్? నాన్న షట్టర్ సగానికి లాగేశారు. మానసక్కని బయటికి రానివ్వట్లేదు. పోలీసులకి ఫోన్ చేస్తానంటున్నారు. త్వరగా రా!”

హైందవి గొంతు వెనకాల ఎవరో అరుస్తున్నారు, ఏదో గాజుది కిందపడి పగిలింది, ఆ చప్పుళ్లన్నిటి మీదా రాఘవయ్య గొంతు, పక్కింటివాళ్లకి ఇబ్బందని టీవీ సౌండు కూడా తగ్గించుకునే మనిషి గొంతు, “నా భార్య కాలు కాల్చేసింది, ఈ గిన్నెతోనే కాల్చేసింది” అని గర్జిస్తోంది. ఫోన్ కట్టయింది. కమలకుమారి ఆటో కమ్మీ పట్టుకుని ముందుకి వంగి చూసింది. ముందు సిటీ బస్సు వెనక భాగం, దాని ముందు ఇంకో బస్సు. పంజాగుట్ట చౌరస్తా ఇంకా దాటలేదు. మోచేతి మడతలో రక్తం తీసినచోట అంటించిన దూది అలాగే ఉంది. రేపు పొద్దున ఆపరేషన్, ఇవాళ దానికి ముందు పరీక్షలు. ఆస్పత్రి వరండాలో తనని కూర్చోబెట్టి ‘ఇప్పుడే వస్తా, కదలకు’ అని వెళ్లిన మనిషి అమీర్‌పేటలో ఒక ఆడపిల్ల షాపు మూయిస్తున్నాడు. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషనే, కానీ పిక్క మీద కట్టుతో ఆ మెట్లెక్కి, లిఫ్ట్ ఎటుందో వెతుక్కుని, అంతకంటే ఆటోయే నయమనుకుంది. ఇప్పుడేమో ఆటో కదలదు.

“కొంచెం త్వరగా పోనివ్వు బాబూ.”

సీటు వెనకాల పసుపు రంగులో కనకయ్య అని పేరు రాసుకున్న డ్రైవరు, నెరిసిన తలవాడు, అద్దంలోంచి చూశాడు. “ఎగురుకుంట పోవాల్నా అమ్మా? రెక్కలు సర్వీసింగుకిచ్చిన, రేపిస్తా అన్నరు.”

మామూలుగా అయితే నవ్వేది. రేపు. రేపటికి ఈ పిక్క మీద కండ కొంత ఉండదు. తొడ మీది చర్మం తీసి అక్కడ వేస్తామన్నాడు డాక్టర్ వివేక్, చిరిగిన పంచెకి మాసిక వేసినంత తేలిగ్గా. అతనే ఇవాళ పొద్దున అన్నాడు ఆ మాట. అక్కడే మొదలైంది. రిపోర్టు చూస్తూ, తలెత్తకుండా, “ఇది ఎక్కువగా ఎండ తగిలిన చర్మానికి వచ్చే క్యాన్సరండీ. మీకేమో చీర కింద, పిక్క మీద వచ్చింది. ఎండలో పనిచేసేవారా ఎప్పుడైనా?” అన్నాడు. తను నోరు తెరిచేలోపే రాఘవయ్య నవ్వేశాడు. “మా ఆవిడా? ఎండ మొహం ఎరగదు డాక్టర్ గారూ. నీడపట్టున ఉండే మనిషి.” డాక్టర్ బుర్ర గోక్కున్నాడు. “అయితే ఆ పాత కాలిన మచ్చే కారణం అయ్యుండాలి. కాలిన మచ్చల్లో ఏళ్ల తర్వాత ఒక్కోసారి ఇలా పుడుతుంది.” రాఘవయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “దాని మీద మళ్లీ వేడి తగిలితే?” “ఒక్కసారి తగిలితే ఏమీ కాదండీ, ఏళ్లు పడుతుంది...” ఆ రెండో సగం ఆయనకి వినపడలేదు. ఆయన కళ్లలో మంట రాజుకోవడం తను చూసింది. సంక్రాంతి వెళ్లాక హైందవి నిశ్చితార్థం, దానికి ముందురోజు పిల్ల బలవంతాన తనని మానస పార్లర్‌కి తీసుకెళ్లడం, కాళ్లకి వ్యాక్సింగ్, తర్వాత కొన్నాళ్లకి పుండు బయటపడడం, అన్నీ ఒక్క దారానికి గుచ్చేశాడు ఆయన. సనత్‌నగర్‌లో మోటార్లకి వైండింగ్ చేయించే మనిషి, తీగె ఎక్కడ కాలిందో వాసనతో పట్టేస్తానంటాడు. “ఆ వేడి మైనం అక్కడే వేసింది కదా, మచ్చ మీదే కదా?” అని వరండాలో అడిగాడు. తను ఏమీ అనలేదు. ‘కాదు’ అనలేదు. ఆ ఊరుకోవడమే ఇప్పుడు అమీర్‌పేటలో షట్టర్ దించుతోంది.

ఆటో ఒక్క కుదుపుతో కదిలి మెట్రో స్తంభం నీడ దాటి ఆగింది. నీడ పోయింది. ఆటో నేల మీద రబ్బరు పట్టా పైకి పలకంత ఎండ వచ్చి కూర్చుంది. కమలకుమారి కాలు వెనక్కి లాక్కుంది. విచిత్రం. ఇన్నేళ్లూ ఎండ ఎక్కడ పడితే అక్కడికి ఈ కాలే జరిగేది, పిల్లి జరిగినట్టు, గోడ మీంచి గోడ మీదికి. ఎండని వెతుక్కోవడం ఆమెకి నేర్పినది అమ్మ. తణుకులో పెరడు, పెరట్లో నులక మంచం, మంచానికి మూడు వైపులా తాళ్లు కట్టి అమ్మ చీరలు ఆరేసేది. తడి చీరలు కావు, పొడివే, ఊరికే ఆరేసేది. పక్కింటివాళ్ల చూపు పడకూడదు, పైనుంచి ఎండ మాత్రం పడాలి. ఆ చీరల గదిలో పదేళ్ల కమల పరికిణీ మోకాలి పైకి మడుచుకుని బోర్లా పడుకునేది. అమ్మ నూనె సీసా మూత తీసేది. ఆ వాసన, ఘాటుగా, చేదుగా, ఇప్పటికీ ముక్కులో ఉంది. దూది చుట్టిన పుల్లతో ఒక్కో తెల్ల మచ్చ మీదా అద్దేది, వాకిట్లో ముగ్గు పెడుతున్నంత శ్రద్ధగా, గీత దాటకుండా. పిక్క మీద పెద్దది, పక్కన రెండు చిన్నవి, నడుం మీద ఒకటి. వాటి పేరు ఇంట్లో ఎవరూ అనకూడదు. నాన్న ఒకసారి నోరు జారితే అమ్మ చేతిలో గరిటె విసిరికొట్టింది. “అది” అనాలి. “దానికి నూనె రాశావా?” “అది తగ్గుతోందా?” ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు. కాసేపటికి మచ్చ ఎర్రబడేది, తర్వాత మండేది, కొన్నిసార్లు బొబ్బ లేచేది. ఏడిస్తే అమ్మ తన చీర కూడా పిక్కల దాకా ఎత్తుకుని పక్కనే ఎండలో కాళ్లు చాపుకుని కూర్చునేది. “చూడు, నేనూ కాలుతున్నాను, నాకేమైనా అవుతోందా?” అనేది. అమ్మ కాలికి నూనె లేదు. ఆ తేడా పదేళ్ల పిల్లకి తెలియలేదు, అమ్మకీ తెలియలేదు.

ఫోన్. తనే చేసింది, వేలు దానంతటదే నొక్కింది. రాఘవయ్య ఎత్తాడు.

“ఏవండీ, ఆ అమ్మాయిని వదిలేయండి. నేను వస్తున్నాను.”

“నువ్వెందుకొస్తావ్? నిన్నక్కడే ఉండమన్నాను కదా. పరీక్షలన్నీ అయ్యాయా?”

“మానస తప్పేం లేదండీ.”

“నీకెవరి తప్పూ కనపడదు కమలా, నీ సంగతి నాకు తెలీదా! ఊళ్లో ఇంకో ఆడమనిషి కాలు కాలకుండా ఈ షాపుకి తాళం వేయించి వస్తా.”

“అది కాదండీ, అసలు ఆ మచ్చ...”

“ఆఁ? ఆ మచ్చ?”

అద్దంలో కనకయ్య కళ్లు. పక్కన బైకు మీద కుర్రాడు, చెవిలో తీగెలు, వింటున్నాడో లేదో. ముందు బస్సు వెనక కిటికీలోంచి ఒక పసిపిల్ల తననే చూస్తోంది. “ఏం లేదు” అంది. ఆయన పెట్టేశాడు. ఒక్క మాట. రెండక్షరాల మాట. అమ్మ పోయి కూడా ఇన్నేళ్లయింది, గరిటె విసరడానికి ఎవరూ లేరు, అయినా నోరు తిరగదు.

పెళ్లినాటికి అది సర్దుకుంది. తెలుపులో చిన్నచిన్న గోధుమ చుక్కలు మొలిచి, చుక్కలు పెరిగి ఒకదానికొకటి అంటుకుని, చివరికి పిక్క మీద గచ్చు చెదిరిన నేలలాగ ఒక మాసిన మచ్చ మిగిలింది. అమ్మ అరసవల్లి తీసుకెళ్లి సూర్యభగవానుడికి దండం పెట్టించింది. పెళ్లికి ముందురోజు గోరింటాకు చేతులతో కదలకుండా కూర్చున్న తన దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది: “అడిగితే చిన్నప్పుడు వేడినీళ్లు పడ్డాయని చెప్పు.” ఆయన అడిగాడు. తను చెప్పింది. ఆయన నమ్మాడు, నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టి, “చాలా మండిందా?” అన్నాడు, గొంతు తగ్గించి, ఇప్పుడే కాలినట్టు. “మండింది” అంది తను, అది నిజమే కాబట్టి. మర్నాటి నుంచి ఆ ఇంట్లో మరిగే గిన్నె ఏదీ తన చేతికి రాలేదు. గంజి ఆయనే వారుస్తాడు. పాలు ఆయనే దించుతాడు. బకెట్లోకి కాగిన నీళ్లు ఆయనే మోసుకొచ్చేవాడు, అమీర్‌పేటలో ఫ్లాటు కొన్నాక మంచం కంటే ముందు గీజరు కొన్నాడు. వాళ్ల అక్కలు వేళాకోళం చేస్తే “ఒకసారి కాలింది చాలు” అనేవాడు. చుట్టాల్లో తన అదృష్టం గురించి చెప్పుకోని ఆడది లేదు. ఆ గంజి వార్చే చేతుల్ని చూసినప్పుడల్లా చెప్పేద్దామనిపించేది, అదే చేతుల్ని చూసి ఊరుకునేది. ఇప్పుడవే చేతులు షట్టర్ మీద ఉన్నాయి. వేడి ఆయనకి పగ. ఇంతకాలం కనపడని పగవాడు ఇవాళ మానస రూపంలో దొరికాడు ఆయనకి.

“ఎండ పడుతుందా అమ్మా?” కనకయ్య మెడలో తువ్వాలు తీసి వెనక్కి చాపాడు. “గా కమ్మీకి కట్టు. కాలుకు కట్టున్నట్టుంది గదా.”

“ఎంతసేపు పడుతుంది ఇంకా?”

“మైత్రీవనం కాడ ఎవరో కారు ఆపిండంట నడి రోడ్ల. బిడ్డ పరీక్ష రాస్తుందా అమీర్‌పేటల? గంత తొందర పడుతున్నవ్.”

“లేదు. ఒకరి మీద నింద పడింది. తప్పించాలి.”

“ఓ. గదైతే జల్దీ పోవాలె.” కనకయ్య హారన్ మోగించాడు, ముందున్న బస్సుకి ఏమీ పట్టలేదు.

తువ్వాలు కట్టింది. చెమట వాసన, బీడీ వాసన, కింద చల్లటి నీడ. నూనె రాసిన కాలికి ఎండ పడేలా అమ్మ కట్టిన చీరలు, ఎండ పడకుండా ఈ తువ్వాలు. ఒకే ముడి. ఎండ తువ్వాలు అంచు కింద నుంచి పాకి చెప్పు మీదికి వచ్చింది. కాలు ఇంకొంచెం లాగింది. ఎటు లాగినా వస్తుంది, అప్పులవాడిలా వస్తుంది. హైందవి పుట్టాక అది మళ్లీ వచ్చింది కదా, అలాగే వచ్చింది, చెప్పాపెట్టకుండా, పిక్క మీద గోరంత, తర్వాత నడుం మీద. ఎవరికీ చెప్పకుండా బేగంబజార్ వెళ్లి మూలికల కొట్లో బావంచాల నూనె, చిన్నప్పుడు అమ్మ రాసినదే, కొనుక్కుంది. కొట్టువాడు దేనికని అడిగితే, ఇంట్లో పనిమనిషికి అంది. ఇంటికొచ్చి ఆలోచించింది, నూనె సరే, ఎండ ఎలా? ఒక పిల్లతల్లి రోజూ మేడ మీద కాలు చాపుకుని కూర్చుంటే అపార్ట్‌మెంట్ ఊరుకుంటుందా? అప్పుడు తట్టింది, వడియాలు. పిండి వడియాలు, గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, అవి అయిపోతే చల్ల మిరపకాయలు, అవీ అయిపోతే మామిడి ఒరుగులు. వడియాలు ఆరబెడితే పావురాలని తోలడానికి ఒక మనిషి కూర్చోవాలి కదా. ఆ మనిషి తను. నీళ్ల ట్యాంకు వెనకాల, ఎవరికీ కనపడని మూల, పాత పంచె మీద వరసలు వరసలుగా వడియాలు, పక్కన కర్ర, కర్ర పక్కన తన కాలు. పంచె మీద అవి ఎండేవి, పక్కన ఇది ఎండేది. చేతిలో వారపత్రిక, డిటెక్టివ్ సీరియల్. ప్రతి సీరియల్లోనూ ఆఖరి వారం అదే జరిగేది, అందరినీ ఒక హాల్లోకి పిలిచేవాళ్లు, వేలు చూపించి పేరు చెప్పేవాళ్లు. ఎప్పుడూ ముందే పట్టేసేది తను. ఇంట్లో ఎవరికీ అనుమానం రాని మనిషే అయ్యుంటాడు, ఎప్పుడూ అంతే. “ఎందుకింత ఎండలో?” అని కింద నుంచి రాఘవయ్య కేకేస్తే “వడియాలకండీ” అనేది. ఆయనకి ఆ వడియాలంటే ప్రాణం. వేయించిన వడియం లేకుండా పప్పన్నం ముట్టడు. అపార్ట్‌మెంట్లో ప్రతి ఫ్లాటుకీ డబ్బా వెళ్లేది, ‘కమలగారి వడియాలు’ అని పేరు. అంత పేరు రావాలంటే ఎంత ఎండ తిని ఉండాలో ఎవరూ లెక్కవేయలేదు. నీడపట్టున ఉండే మనిషట.

ఎవరు మరి? సీరియల్లో లాగే ఒక్కొక్కరినీ నిలబెట్టి చూడు. తణుకు వైద్యుడు, చిన్న సీసా, పెద్ద బొట్టు: “రాసి కాసేపు ఎండలో ఉంచమ్మా” అన్నాడు. కాసేపు అన్నాడు. కాసేపుని పూటంతా చేసింది అమ్మ. అమ్మా? అమ్మ వేళ్లు, దూది పుల్ల, గీత దాటకుండా. వద్దు, అమ్మ మీదికి వేలు వెళ్లదు. బేగంబజార్ కొట్టువాడు? తను పనిమనిషికని అబద్ధం చెబితే వాడేం చేస్తాడు? చుట్టాలు? పెళ్లిళ్లలో ఒకావిడ చేతిమీద తెల్లగా కనిపిస్తే పక్కన కూర్చోని చుట్టాలు, ఆవిడ వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిన చుట్టాలు? పాతికమందిని నిలబెట్టాలి అలాగైతే. పైన సూర్యుడు? ఆయనకి దండం పెట్టాక ఆయన మీద కేసు పెట్టేదెవరు? ఇంతమందిలో ఎవరికి వారు తప్పించుకుంటే ఆఖరికి మిగిలింది బోరబండ నుంచి బస్సెక్కి వచ్చే మానస. ఇంకా నయం, ఆయనకి డిటెక్టివ్ సీరియళ్లు చదివే అలవాటు లేదు. ఉంటే తెలిసేది, మొదట దొరికినవాడు ఎప్పుడూ దోషి కాడు.

ఫోన్ మోగింది. మానసే.

“ఆంటీ, మీరే చెప్పున్రి సార్‌కు. నేను ఫస్ట్ నా చెయ్యి మీద ఏస్కొని చూశినంకనే మీకు ఏశిన. గా మచ్చ మీద సుత నేను అసలు ఏయనే లేదు. యాదికి లేదా ఆంటీ మీకు?”

యాదికి లేకపోవడమేమిటి. ఆ రోజు కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపితే మానస చెయ్యి మచ్చ దగ్గరికొచ్చి ఆగిపోయింది. వేలితో మెల్లగా తడిమింది. మచ్చ అంచున అప్పటికే చిన్న పొక్కు ఉంది, గరుగ్గా, సగ్గుబియ్యం గింజంత. “ఇది కాలినదేనా ఆంటీ?” అంది. “అవును” అంది తను, తడుముకోకుండా, అబద్ధానికి అంత అలవాటు. “గీడ వద్దు ఆంటీ, ఇడిశిపెడదాం. డాక్టర్‌కు చూపెట్టున్రి జర” అని చుట్టూ వేసి, అక్కడ వదిలేసింది. మొదట చూసింది ఆ పిల్ల. చూపించుకోమంది ఆ పిల్ల.

“ఏడుస్తున్నావా?”

“ఏడుస్తలేను. షాపుల కస్టమర్ ఉన్నది, ఇగ ఈ వీధిల నా తాన ఎవలొస్తరు ఆంటీ? యాసిడ్ పోశిన లెక్క చూస్తున్నరు నన్ను. బయట ఒకడు వీడియో సుత తీస్తుండు.”

“వచ్చేస్తున్నా మానసా. వచ్చి చెబుతా.”

“ఏం చెప్తరు?”

ఏం చెబుతుంది. మైనం తగల్లేదని చెబుతుంది. అంతే చెబితే చాలదా? ‘మైనం ఆ మచ్చ మీద వెయ్యలేదండీ, ఇంటికి పదండి’. ఆయన వస్తాడా? తీగె కాలింది ఎక్కడో తెలిసేదాకా మోటారు మూయని మనిషి. ‘అయితే మరి వేడి ఎక్కడ తగిలింది?’ అంటాడు. ఇంకో మనిషిని వెతుకుతాడు. గీజరు బిగించినవాడిని పట్టుకుంటాడు. పైగా నడుం మీద, లంగా బొందు ఒరుసుకునే చోట, ఇంకో గరుకు ఉంది. స్నానంలో వేలికి తగులుతోంది, ఈమధ్య పైన పొట్టు రాలుతోంది. డాక్టర్‌కి చూపించలేదు. ‘ఇంకెక్కడైనా ఉందా?’ అని అడిగాడు కూడా. లేదంది. కాలు మీద వేడినీళ్లు పడ్డాయి సరే, నడుం మీద కూడా ఎలా పడ్డాయని అడిగితే? అబద్ధం పిక్క దాకానే ఉంది, నడుం దాకా పొడవు చాలదు. రేపు పిక్క కోస్తారు, నడుం అలాగే ఉంటుంది, చీర కింద, చీకట్లో పెరుగుతుంది. అలా చచ్చిపోయినా ఫరవాలేదని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. ఒక్క మాట కోసం చచ్చిపోతానా? గంజి వార్చే చేతులు వార్చడం మానేస్తాయని?

“ఇక్కడే దిగుతాను.”

“నడుస్తవా? గీ ఎండల, గా కాలుతోని?”

“నాకు ఎండ కొత్తేమీ కాదులే.”

కనకయ్య తువ్వాలు విప్పి మెడలో వేసుకోబోయి ఆగి, ఆమె చేతిలో పెట్టాడు. “కొంటబో అమ్మా. నెత్తి మీద ఏస్కో.”

తల మీద కప్పుకుంది. మధ్యలో మెట్రో నీడ ఉంది, కానీ అక్కడ నడవడానికి చోటు లేదు, అంచున నడవాలి, అంచంతా ఎండ. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టల్ బోర్డులు, కరపత్రాలు పంచేవాళ్లు, ఒకతను ఆమె చేతిలో కూడా ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు కాగితం పెట్టాడు. అడుగేస్తే పిక్కలో పోటు, అడుగు తీస్తే పోటు. అమ్మా, నువ్వు పక్కన కూర్చున్నావు చూడు, నీ కాలు కూడా చాపుకుని, అది గుర్తొస్తే నీ మీద కోపం రాదు నాకు. కోపం రావాలి కదా? మరిగినవి ముట్టనివ్వని మనిషి ఒకడు, మండేది రాసిన మనిషి ఒకర్తి, ఇద్దరూ ప్రేమతోనే చేశారు, మధ్యలో కాలు నాది. చెరుకురసం బండి. జెరాక్స్ షాపు. సందు మలుపు. జనం గుమిగూడి ఉన్నారు, ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. సగం దించిన షట్టర్ కింద నుంచి ట్యూబులైటు వెలుగు. జనం తప్పుకున్నారు, బాధితురాలు వచ్చిందని ఎవరో అన్నారు. వంగింది. పిక్క చిరిగినంత నొప్పి. లోపలికి వచ్చి నిలబడింది.

నాలుగు గోడలకీ అద్దాలు, ప్రతి అద్దంలోనూ తువ్వాలు కప్పుకున్న తను. హాలే ఇది, ఆఖరి వారం హాలు. నేల మీద గాజు పెంకులు. కుర్చీలో ఒకావిడ మొహానికి పూసిన లేపనం ఎండి బిగుసుకుపోయి పెదవి కదపలేక కళ్లతోనే అటూ ఇటూ చూస్తోంది. గోడవారగా మానస, పక్కన ఆమె చెయ్యి పట్టుకుని హైందవి. షట్టర్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాఘవయ్య, ఒళ్లో వ్యాక్స్ కాచే గిన్నె, రెండు చేతులతో పట్టుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు.

ఆయన గబుక్కున లేచాడు. “ఎండలో ఎందుకొచ్చావ్!”

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. “ఆ గిన్నె కింద పెట్టండి.”

“పెట్టను. ఇది సాక్ష్యం.”

“అది నా మచ్చని ముట్టుకోలేదు. అక్కడ వెయ్యకుండా వదిలేసింది మానస. డాక్టర్‌కి చూపించుకోమని మొదట చెప్పింది కూడా తనే.”

“పొద్దుగాల్నించి నేను గదే చెప్తున్న,” అంది మానస. “సార్ ఇంటేనా!”

“మరి కాలిన మచ్చ మీద పుండు ఊరికే లేస్తుందా? ఏదో ఒకటి కాల్చి ఉండాలి కదా కమలా!”

“అది కాలిన మచ్చ కాదండీ.”

రాఘవయ్య గిన్నె పట్టుకునే నిలబడ్డాడు. హైందవి “అమ్మా?” అంది. షట్టర్ కింద నుంచి ఒక ఫోన్ లోపలికి తొంగిచూస్తోంది. తియ్యనీ. కమలకుమారి ఊపిరి పీల్చుకుంది, ఒళ్లంతా బిగుసుకుంది, ఎక్కడి నుంచో గరిటె వచ్చి తగులుతుందన్నట్టు.

“నాకు బొల్లి,” అంది.

ఏమీ పగల్లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. లేపనం మొహంలో కళ్లు పెద్దవయ్యాయి, అంతే.

“చిన్నప్పటి నుంచీ. పిక్క మీద, నడుం మీద. వేడినీళ్లు పడలేదు. అమ్మ అలా చెప్పమంది, చెప్పాను. తగ్గింది, హైందవి పుట్టాక మళ్లీ వచ్చింది.”

రాఘవయ్య కూర్చున్నాడు. గిన్నెలోకి చూసి, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు: “ఇన్నేళ్లూ గంజి నేను వార్చాను.”

“తెలుసు.”

“ఒక్కరోజు కూడా నిన్ను పొయ్యి దగ్గరికి...”

“తెలుసండీ.”

ఆ గిన్నె అంచు తుడిచాడు బొటనవేలితో. తర్వాత తలెత్తాడు. కళ్లలో పొద్దుటి మంట ఇంకా ఉంది, కానీ అది ఎటు వెళ్లాలో తెలియక తిరుగుతోంది. “అయితే ఆ బొల్లేనా ఇది చేసింది?”

“కాదు. పాపం అదేం చెయ్యలేదు నన్ను. ఊరికే తెల్లగా ఉంది, అంతే. దాని మానాన దాన్ని వదిలేస్తే ఈ పుండు ఉండేది కాదు. నడుం మీద ఇంకోటి ఉంది. అదీ చూపించాలి డాక్టర్‌కి, ఇవాళే.”

“ఇంకోటా!” ఆయన గిన్నె కింద పెట్టేశాడు. ఆయన చేతులు ఖాళీగా గాల్లో ఆగాయి. “మరి ఎవరు కమలా? ఈ పిల్ల కాదంటావ్, ఆ జబ్బు కాదంటావ్. ఇంతమంది ముందు నా పరువు తీసుకుని నిలబడ్డాను. ఎవరో చెప్పు. పేరు చెప్పు.”

తల మీది తువ్వాలు తీసింది. అద్దాల్లో అందరు కమలలూ తీశారు. వేలు ఎవరి వైపు వెళ్లాలో అప్పటికి తెలిసిపోయింది, అమ్మ వైపు కాదు, ఆకాశం వైపు కూడా కాదు. షట్టర్ కింద సందులోంచి గచ్చు మీదికి పలకంత వెలుగు జారి ఆయన చెప్పుల దాకా వచ్చి ఉంది. దాన్ని చూపించింది.

“ఎండ,” అంది. “బావంచాల నూనె రాసుకుని, ట్యాంకు వెనకాల కూర్చున్న ఎండ. ‘ఎందుకింత ఎండలో’ అని మీరు అడిగినప్పుడల్లా వడియాలకన్నాను చూడండి, ఆ ఎండ.”